వస్త్రము వెనుకనున్న చేతులు

ఈ మాసపు పాఠము

పఠన భాగములు: అపొస్తలుల కార్యములు 9:36–42, నిర్గమకాండము 35:25, లేవీయకాండము 19:13, 35–36, యాకోబు 5:4, లూకా 3:11.



యొప్పే పట్టణములో దొర్కా అను శిష్యురాలు రోగియై మరణించిన దినమున మేడగదిలో జరిగిన సంగతిని నిదానముగా చదువుడి. పేతురు ఆ గదిలోనికి వచ్చినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు ఆయన చుట్టు నిలిచిరి. వారు దొర్కా పలికిన మాటలను ఆయనకు చెప్పినట్లు వ్రాయబడలేదు. ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపించిరని మాత్రమే లూకా వ్రాసెను. చేసిన చెయ్యి చల్లబడినను ఆ చేతి పని వారి ఒంటి మీద నిలిచియుండెను. ఈ బట్ట ఎవరు చేసిరో, ఎందుకు చేసిరో ఆ విధవరాండ్రు ఎరుగుదురు.

మనము ఈ దినమున ధరించిన బట్ట ఎవరు చేసిరో మనమెరుగుదుమా? కాశీబుగ్గ అంగడిలో కొంటిమి, లేక టెక్కలి సంతలో కొంటిమి, లేక పిల్లలు ఫోనులో చూచి తెప్పించిరి అని చెప్పగలము. అమ్మినవాని పేరు తెలియును, వెల తెలియును. నూలు వడికినదెవరు? నేసినదెవరు? కుట్టినదెవరు? వారికి ముట్టిన కూలి ఎంత? ఇది పట్టణవాసుల ఫ్యాషను విషయమని, పల్లెటూరి విశ్వాసులకు దీనితో పనిలేదని అనుకొనవద్దు. అన్నము తరువాత బట్టయే మనము ఎక్కువగా కొను వస్తువు. కొనుట ఎక్కడ నున్నదో న్యాయాన్యాయములు అక్కడనే యుండును.

1. మన జిల్లా నూలు

పలాసలో రైలెక్కి విశాఖపట్నము దిక్కుగా పోవువారు శ్రీకాకుళం రోడ్డు దాటిన తరువాత పొందూరు అను స్టేషను చూచియుందురు. ఆ ఊరి సన్న ఖద్దరు దేశమంతట పేరు పొందినది. అక్కడి పని విధము మన జిల్లావారమైన మనలో అనేకులకు తెలియదు గనుక దానిని వివరముగా చెప్పుచున్నాను.

అక్కడ కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అను నాటు పత్తులు వాడుదురు. వీటి పింజ పొట్టిది. మిల్లు యంత్రములు పొడుగు పింజను కోరును గనుక ఈ పత్తి వాటికి సరిపడదు. యంత్రము త్రోసివేసిన ఈ పత్తితోనే మనుష్యుల చేతులు మిక్కిలి సన్నని నూలు తీయుచున్నవి. మొదట గింజతో నున్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుదురు. మనము వాలుగను కూర వండుకొని దాని తల పారవేయుదుము. వారు ఆ దవడ నారబెట్టి పనిముట్టుగా దాచుకొందురు. దానిలోని సూదులవంటి చిన్న పండ్లు పత్తిలోని నలకను తీసివేసి పోగులను వరుస చేయును. ఇంత మెత్తగా దువ్వు ఇనుప దువ్వెన వారికి దొరకలేదు. తరువాత చిన్న పలక మీద సన్నని కడ్డీతో ఒత్తి గింజ తీయుదురు. చిన్న వింటితో పత్తిని ఏకి, ఏకులు చుట్టి, అవి నలుగకుండ ఎండిన అరటి దొప్పలో పెట్టుకొందురు. అప్పుడు ఒక్క కదురు, 24 ఆకులు గల రాట్నము మీద వడుకుదురు. వడుకువారు స్త్రీలే, వారిలో వృద్ధురాండ్రు అనేకులు.

ఆ నూలు 100 నంబరు వరకు, దానికి మించియు వచ్చును. నంబరు అనగా నేమి? 840 గజముల నూలు ఒక చిలప. ఒక పౌను తూకమునకు ఎన్ని చిలపలు తూగునో అది ఆ నూలు నంబరు. 100 నంబరు నూలు ఒక పౌను, అనగా అరకిలోకు కొంచెము తక్కువ, తూచినయెడల అది 84,000 గజములు, అనగా దాదాపు 77 కిలోమీటర్లు. కాశీబుగ్గ నుండి శ్రీకాకుళము పోవు రోడ్డు పొడవుకు అది ఇంచుమించు సరి. ఒక ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుండి అంత పొడవు దారమును వ్రేళ్ల మధ్య నుండి తీయుచున్నది. అది తెగినప్పుడెల్ల అతుకుచున్నది. ఇది మనస్సున నుంచుకొని ఆ బట్టను ముట్టుకొనుడి.

గాంధీగారు ఈ నేతను గూర్చి విని, తన కుమారుడైన దేవదాసు గాంధీని పొందూరు పంపి ఆ పని విధానము చూచి రమ్మనిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949లో అక్కడ ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది. 1955లో ఆచార్య వినోబా భావే దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. సంఘము పత్తి ఇచ్చును, నూలు తీసికొని వడుకువారికి కూలి యిచ్చును, నూలును నేతవారికిచ్చి బట్ట నేయించును, అమ్మును.

ఖద్దరు వేరు, చేనేత వేరు అని కూడ తెలిసికొనవలెను. చేనేత చేమగ్గము మీద నేసినదే గాని దాని నూలు మిల్లు నూలు కావచ్చును. 1956 నాటి ఖాదీ చట్టము ప్రకారము చేత వడికిన నూలుతో చేమగ్గము మీద నేసినదే ఖద్దరు. కాబట్టి ఒక ఖద్దరు పంచె వెనుక వడికిన చేయి, నేసిన చేయి రెండును ఉండవలెను.

నిర్గమకాండము 35వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారమును గూర్చిన వృత్తాంతమున, నేర్పుగల స్త్రీలు తమ చేతులతో వడికి ఆ నూలును తెచ్చిరని మోషే వ్రాసియుంచెను. బంగారము తెచ్చిన వారితో సమానముగా నూలు తెచ్చిన స్త్రీలకును ఆ గ్రంథములో చోటు కలిగెను. మనుష్యులు మరచిన చేతులను దేవుడు మరువలేదు.

2. తక్కువ వెల ఎక్కడ నుండి వచ్చును?

ఇప్పుడు రెండవ చిత్రమును చూడుడి. 2013 ఏప్రిల్ 24వ తేదీ ఉదయమున బంగ్లాదేశములో, ఢాకా పట్టణము ప్రక్కనున్న సావర్ అను చోట రానా ప్లాజా అను ఎనిమిదంతస్తుల కట్టడము కూలిపోయినది. అందులో బట్టలు కుట్టు కర్మాగారములుండెను. పడమటి దేశముల పెద్ద దుకాణములకు అక్కడి నుండి చొక్కాలు, లాగులు పోవుచుండెను. ముందు దినముననే గోడలలో బీటలు కనబడెను. కట్టడములోని బ్యాంకు, దుకాణములు మూయబడెను. కుట్టుపని వారిని మాత్రము మరునాడు పనిలోనికి రమ్మనిరి. రానియెడల జీతము పోవునని భయపడి వారు వచ్చిరి. 1,100 మందికి మించి చనిపోయిరి. రెండు వేలమందికి పైగా గాయపడిరి. వారిలో పెక్కుమంది పడుచు స్త్రీలు.

ఏల పిలిచిరి? సరకు పంపవలసిన గడువు దగ్గరపడినది. గడువు ఏల అంత బిగువు? దుకాణములలో కొత్త మోస్తరు బట్ట వారము వారము మారవలెను. వెల ఏల అంత తక్కువ? ఒకనాటి ముచ్చటకు కొని పారవేయుటకు వీలుగా నుండవలెను. ఈ విధముగా వెదకుచు పోయినయెడల ఆ కట్టడపు బీట కొనువాని సంచి వరకు వచ్చును. తక్కువ వెల ఆకాశమునుండి పడదు. అంగడిలో మనము తగ్గించుకొన్న సొమ్మును మరియొకచోట ఎవరో చెల్లించుదురు.

ఈ సంగతి పలాసవారికి దూరపు సంగతి కాదు. మన జీడిపప్పు ఎంతెంత దూరమో పోవును. పళ్లెములో తెల్లని పప్పు చూచి తినువానికి, పిక్క కొట్టునప్పుడు జీడి తగిలి చర్మము కాలిన స్త్రీ చేయి కనబడదు. పప్పు విరిగిన వెల తగ్గునని ఆమె ఎంత జాగ్రత్తగా వలుచునో అతనికి తెలియదు. మన కష్టము తినువాడు ఎరుగడే యని మనము నొచ్చుకొందుము. మరి కట్టుకొను విషయములో మనమే ఆ తినువాని స్థానమున నున్నాము. మనకు ఏ న్యాయము కావలెనని కోరుదుమో అదే న్యాయము కుట్టినవారికి, వడికినవారికి కోరవలసియున్నది.

లేవీయకాండము 19:13లో కూలివాని కూలి మరునాటి ఉదయము వరకు నీయొద్ద నిలువరాదని ఆజ్ఞ యున్నది. యాకోబు ఇంకొక అడుగు ముందుకు పోయెను. బిగబట్టిన కూలికే నోరు ఉన్నదని, అది కేక వేయునని, ఆ కేక దేవుని చెవిని చేరునని ఆయన బోధ. ఆయన ఆ మాట పొలము కోసినవారిని గూర్చి చెప్పెను. బట్ట కోసి కుట్టినవారికి అది చెల్లదందుమా?

3. మరియొక మార్గము పట్టినవారు

ఆ ప్రమాదము తరువాత ఇంగ్లండులో కొందరు స్త్రీలు ఒక ఉద్యమము మొదలుపెట్టిరి. ప్రతి సంవత్సరము ఏప్రిల్ మాసములో కొనువారు తమ బట్టను చూపి, దీనిని చేసినదెవరని కంపెనీలను అడుగుటయే ఆ ఉద్యమపు పని. అది దొర్కా మేడగదిలోని విధవరాండ్రు జవాబెరిగిన ప్రశ్నయే.

మన రాష్ట్రములలోను పెద్ద కర్మాగారముల త్రోవ విడిచి, కొద్ది బట్టను చక్కగా చేయించువారు లేచిరి. వారిని స్వతంత్ర డిజైనర్లు అందురు. ఒకరో, కొద్దిమందియో కలిసి బట్ట అందమును, రంగును తలపోసి, తమకు తెలిసిన నేతవారి చేత నేయించి, వారిని మరుగుపరచక అమ్ముదురు. హైదరాబాదులో ఉజ్రమ్మగారు మొదలగువారు మల్ఖా అను బట్టను ప్రారంభించిరి. మల్మల్, ఖాదీ అను రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టిరి. పత్తి పండిన చోటనే చిన్న యంత్రముల మీద వడికి, చేమగ్గముల మీద నేయించవలెననునది వారి ఆలోచన. పత్తిని ఇనుము వలె గట్టి బేళ్లుగా అదుముటను వారు విడిచిపెట్టిరి. అందుచేత ఆ బట్ట మెత్తగా నుండును. హైదరాబాదువాడే యైన గౌరంగ్ షా జామ్దానీ నేతను, ఖద్దరును పైకి తెచ్చినవాడు. 2018లో వచ్చిన మహానటి చిత్రమునకు వస్త్రములు కూర్చినందుకు ఆయనకును మరి ఇద్దరికిని కలిపి జాతీయ పురస్కారము వచ్చినది. సినిమా చూడుడని ఈ మాట వ్రాయలేదు. మగ్గము పాతబడిపోయినదని మన పిల్లలు అనుకొనుచుండగా, మగ్గము తెలిసినవారికి దేశము గౌరవమిచ్చుచున్నదని వారికి చెప్పుటకే వ్రాసితిని.

అయితే వారి బట్టల వెల మనకందునది కాదు. మరియొక సంగతియు దాచక చెప్పవలెను. బట్ట వెల పెరిగినంత మాత్రమున వడికినవారి కూలి పెరుగదు. పొందూరు సన్న పంచె అంగడిలో వేల రూపాయలు పలుకును. అయినను ఆ ఊరి పడుచులు రాట్నము ముందు కూర్చుండుటకు రాకున్నారు. రోజంతయు వడికినను చాలినంత కూలి చేతికి రాకపోవుటయే దానికి ముఖ్య కారణము. ముసలివారు పోయినకొలది ఆ పని తెలిసిన చేతులు తగ్గుచున్నవి. మనము ఆ నేతను పొగడుట సులభము. పొగడ్తతో రాట్నము తిరుగదు. చేసినవారి వాటా ఎంత అని అడుగు కొనువారు కావలెను.

4. "మేము పేదవారము, మేమేమి చేయగలము?"

ఇది న్యాయమైన ప్రశ్న. కూలి చేసి బ్రతుకువారిని వేల రూపాయల ఖద్దరు కొనుమనుట బోధ కాదు, భారము. ఖద్దరు కట్టినవాడు నీతిమంతుడు, మిల్లు బట్ట కట్టినవాడు పాపి అనుటయు పరిసయ్యుల మాటయే. ఖద్దరులోను గర్వముండును. అడవిపువ్వులు వడకవు, కష్టపడవు అని ప్రభువు చెప్పినది మన చింతను తీయుటకే గాని వడికినవారి కష్టమును మరచుటకు కాదు. పేదవారి చేతిలోను ఉన్న కొన్ని పనులను చెప్పెదను.

మొదటిది, తక్కువ కొని ఎక్కువ కాలము కట్టుట. ఉదాహరణకు, 600 రూపాయల చీర ఆరు నెలలకు చినిగినయెడల మూడేండ్లకు ఆరు చీరలు, అనగా 3,600 రూపాయలు. 1,800 రూపాయల గట్టి నేత చీర మూడేండ్లు కట్టినయెడల సగము సొమ్ము మిగిలెను. ఒకేసారి 1,800 చేత లేనివారు స్త్రీల పొదుపు సంఘములో నెలనెల కొంత వేసికొని కొనవచ్చును.

రెండవది, దారమును పరీక్షించుట. అంచు దగ్గరి ఒక పోగు తీసి పొయ్యి ఎదుట జాగ్రత్తగా కాల్చుడి. పత్తి నూలైతే కాగితము వలె కాలి బూడిద యగును. పాలిస్టరైతే కరిగి గట్టి పూసగా నిలుచును. అది నేలనూనె నుండి పుట్టినది, మట్టిలో కలియదు. ఉతికినప్పుడెల్ల కంటికి కనబడని దాని పోగులు నీటిలో పడి చివరకు సముద్రము చేరును. ఉద్దానపు తీరమున వలలు వేయువారు దీనిని ఆలోచింపవలెను. కంపు కట్టిన నైలాను వలముక్కలు ఏండ్ల తరబడి ఇసుకలో చివుకక యుండుట వారు చూచుచునే యున్నారు. అట్లని పత్తియు ఉచితముగా రాదు. ఒక పత్తి చొక్కా వెనుక పైరునకు, అద్దకమునకు కలిపి దాదాపు 2,700 లీటర్ల నీరు పట్టునని లెక్క గట్టిరి. హిరమండలము నుండి గొట్టముల ద్వారా త్రాగునీరు తెచ్చు పథకము 2023 డిసెంబరులో ప్రారంభమగు వరకు ఉద్దానము ఎంతకాలము ఎదురుచూచెను! నీటి విలువ మనకు ఒకరు చెప్పవలెనా? కాబట్టి ఏ బట్టయైనను పారవేయుటకు తొందరపడరాదు.

మూడవది, మోసమునకు తోడు పడకుండుట. యంత్రపు బట్టకు పొందూరు పేరు పెట్టి అమ్మువారున్నారు. లేవీయకాండము 19:35–36 తప్పు కొలతను, తప్పు తూనికను నిషేధించుచున్నది. తప్పు పేరును అట్టిదే. ఖద్దరు కొనగలవారు సంఘపు విక్రయశాలలో కొని ఖాదీ గుర్తు చూడవలెను. చేతినూలులో అక్కడక్కడ కొంచెము హెచ్చుతగ్గులుండును. అది లోపము కాదు, చేతి ఆనవాలు.

నాలుగవది, మన ఊరి దర్జీకి, కుట్టుమిషను పెట్టుకొన్న సహోదరికి కూలి అప్పుపెట్టకుండుట. క్రిస్మసు ముందు రాత్రులు మేలుకొని ఆమె రవికలు కుట్టును. ఆ రవిక తొడిగి మనము గుడికి పోయి పాటలు పాడుదుము. డబ్బు సంక్రాంతికి ఇచ్చెదమందుము. ఢాకా వర్తకుని నిందించుటకు ముందు ఈ బాకీ తీర్చుడి. యాకోబు చెప్పిన కేక మన వీధిలో నుండి లేవకుండును గాక.

అయిదవది, పండుగకు, పెండ్లికి అప్పు చేసి బట్ట కొనకుండుట. కొత్త బట్ట లేదని క్రిస్మసు ఆరాధనకు రాక ఇంట కూర్చున్నవారు మన సంఘములలో లేరందుమా? ఒక పిల్లవాడు పాత చొక్కాతో వెనుక నిలిచి, ముందు వరుసలోని మెరుపులు చూచి తల దించుకొనినయెడల, ఆ సిగ్గు అతనిది కాదు, సంఘముది. పెద్దలు, ఉద్యోగస్థులు ఉతికిన పాత బట్టతో పండుగ ఆరాధనకు ఒక సంవత్సరము వచ్చి చూడుడి. ఎన్ని ఇండ్లకు ఊపిరి తిరుగునో మీరే చూతురు.

ఆరవది, రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇచ్చుట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు తడిసిన బట్టతో రాత్రి గడుపుట ఎట్లుండునో మనలో అనేకులు ఎరిగిరి. ఇచ్చునప్పుడు మనము కట్టుకొనదగిన దానినే ఇయ్యవలెను. ఉతికి, చిరుగు కుట్టి, బొత్తాము వేసి ఇచ్చుడి. పారవేయదగిన దానిని ఇచ్చుట దానము కాదు, ఇల్లు ఊడ్చుకొనుట. దొర్కా విధవరాండ్రకు పాతగుడ్డలు మూటగట్టి పంపలేదు. వారి కొరకు కూర్చుండి కుట్టెను.

5. ముగింపు

సంఘములోని స్త్రీల సమాజములు ఈ సంవత్సరము ఒక పని చేయవచ్చును. నెలకొక మధ్యాహ్నము కూడి, ఇంటింటి చిరుగుబట్టలు తెచ్చి, కుట్టు తెలిసిన పెద్దమ్మలు పడుచుపిల్లలకు నేర్పుచు బాగుచేయుడి. తగిన పిల్లలకు కోత, కుట్టు, అద్దకము నేర్పించినయెడల వారిలో నుండియే తమ పేరుతో బట్ట చేసి, తమతో పనిచేయువారికి నిండు కూలి యిచ్చువారు లేవవచ్చును. వలస పోయి ఎక్కడనో మిషను ముందు కూర్చుండుట కంటె అది మేలు. పొందూరుకు ఒక దినము వారిని తీసికొని పోయి, రాట్నము ముందు కూర్చున్న ఆ తల్లులను చూపించుడి. చూచిన పిల్ల బట్టను విసరివేయదు.

మనము పోయిన తరువాత మన పెట్టెలు తెరచువారు బట్టలు లెక్కింతురు. మనము కొన్న ప్రతి బట్ట వెనుకనున్న చేతులకు న్యాయము చేసితిమా, మన చేతులతో ఎవరికైనను బట్ట కట్టితిమా అను లెక్క వేరుగా నున్నది. దొర్కా పక్క చుట్టు నిలిచినవారు అట్టి లెక్కనే చూపించిరి.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో విధవరాండ్రు బట్టలనే ఏల చూపించిరి?
2. మీ ఇంట ఈ సంవత్సరము కొన్న బట్టలలో ఎన్నింటిని కుట్టినవారు మీకు తెలియును?
3. జీడిపిక్కల పనివారి కష్టమునకును బట్టలు కుట్టువారి కష్టమునకును పోలికలేవి?
4. మన సంఘములో ఎవరికైనను కుట్టుకూలి బాకీయున్నదా? ఈ వారము దానిని ఎట్లు తీర్చుదుము?
5. కొత్త బట్ట లేనివారు సిగ్గుపడకుండ పండుగ ఆరాధనకు వచ్చునట్లు సంఘము ఏమి చేయవలెను?